బెంతెన్ వంతెన మీద ఒక్కొక్కరే

చిరంజీవి కనయెకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ నాన్న బాగానే ఉన్నాం. వరి కంకులు బరువెక్కి ఒకవైపుకి వాలుతున్నాయి. పగటి ఎండ తగ్గలేదు గాని, తెల్లవారుతుండగా కాలవ మీంచి వచ్చే గాలి చల్లగా ఉంటున్నది. ఉత్తరాన మీ హకొదాతెలో అప్పుడే మందపు దుప్పట్లు తీసి ఉంటారు. నువ్వు, అల్లుడు, పసిది కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో చాలా సంగతులు అడిగావు. ఊరవేసిన ఉమె కాయలు ఈ ఏడు కాస్త మెత్తబడ్డాయి. ఎండబెట్టాల్సిన రోజుల్లోనే వాన పట్టుకుంది. అయినా తినడానికి బాగానే ఉన్నాయి, ఒక జాడీ పంపుతాను. పశువుల కొట్టం పైకప్పు మీ నాన్న బాగు చేశారు. వరి కోతకి రానా అని అడిగావు, నా మోకాలు ఎలా ఉందని అడిగావు. ఆ రెండూ చివర రాస్తాను. ముందు యాత్రల సంగతి.

మమ్మల్ని ఇద్దరినీ కలిసి తిరిగి రమ్మన్నది నువ్వే కదా. క్యోతో పేరెత్తితే మీ నాన్న ముఖం చిట్లిస్తారు. "జనం వెళ్ళే చోటికి వెళ్ళి జనం వీపులు చూడాలా?" అంటారు. సహకార సంఘం పత్రిక చివరి పేజీలో ఎవరికీ పట్టని చోట్ల గురించి వేస్తారు. అవి కత్తిరించి కాలెండరు వెనక దోపుకున్నారు. నాట్లయ్యాక ఒకసారి, కలుపు తీశాక ఒకసారి, అలా ఒంటి పెట్టె రైలెక్కి పోయి వస్తున్నాం.

మొదట వెళ్ళింది మూతబడిన రాగి గనికి. లోపల ఎముకలు కొరికే చలి. మనుషులంత బొమ్మలకి గని కూలీల బట్టలు తొడిగి, మీట నొక్కితే మాట్లాడేలా పెట్టారు. "ఇంకాస్త తవ్వండ్రా, సాయంత్రం సాకె పోయిస్తారంట" అంటుంది ఒక బొమ్మ. నాకు నవ్వొచ్చి మీ నాన్నకేసి చూశాను. ఆయన అక్కడ లేరు. దారి చూపే ముసలాయనతో, గనిలో ఊరే నీళ్ళు ఎలా తోడేవారని మాట్లాడుతున్నారు. మాట్లాడటం అంటే మామూలుగా కాదు, చేతులు తిప్పుతూ, వాన కురిసినట్టు.

"మా తాత కొండ కింద సొరంగం తవ్వి పొలానికి నీళ్ళు తెచ్చాడండీ. చిన్నప్పుడు నేను అందులో దూరి ఇరుక్కుపోయాను" అన్నారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఆరేళ్ళు. ఆ మాట వినడం అదే మొదలు. తిరుగు రైల్లో అడిగాను.

"ఇరుక్కుపోయారా?"

"ఊఁ."

"మరి ఎవరు లాగారు?"

"ఎవరో."

అంతే. అన్నం డబ్బా మూత తీసి కిటికీవైపు తిరిగారు.

తర్వాత ఒక కొండ గుడికి వెళ్ళాం. దాని వెనక వాలు మీద వందలకొద్దీ రాతి అర్హంతులు, అంటే బుద్ధుడి శిష్యులు, కూర్చుని ఉంటారు. వెతికితే పోయిన మన వాళ్ళ ముఖం ఒకటి తప్పకుండా కనబడుతుందంటారు. నాకు మా అమ్మ కనబడింది, పెదవి విరుచుకుని. చూపిద్దామని మీ నాన్న కోసం దిగి వచ్చాను. ఆయన కింద ఎవరో పడుచు జంట దగ్గర నిలబడి ఉన్నారు.

"ఇదుగో, మా అమ్మ. అన్నం మాడితే అచ్చం ఇలాగే చూసేది" అంటున్నారు.

"ఆ ముక్కు మీ ముక్కే తాతయ్యా!" అని ఆ పిల్ల కిలకిలా నవ్వింది.

నేను దగ్గరికి వచ్చేసరికి ఆయన నోరు మూతబడింది. ఏ బొమ్మో నేనే వెతుక్కున్నాను. మీ నాయనమ్మ మంచాన పడ్డాక ఆవిడ నోటికి ముద్ద అందించిందాన్ని నేను. ఆ బొమ్మను నాకు కదా చూపించాలి?

మొగుడు ఇంకో ఆడదాని వెంట పడితే పదిమందికి చెప్పుకుని ఏడవొచ్చు. నాకు గని ముసలాయన మీద, ముక్కూ మొహం తెలియని ఆ జంట మీద, రైల్లో ఆయన కబుర్లు చెప్పిన టిక్కెట్ల అతని మీద కడుపు మండింది. ఇది ఎవరితో అనను? ఊరు చేరాక వాడుక ప్రకారం ఇంటింటికీ మిఠాయి పెట్టెలు పంచడానికి వెళ్ళాను. పక్కింటి ఒకినో గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏంటమ్మా తొమియె, కొత్త పెళ్ళికూతురిలా ఊరేగుతున్నావ్! దారి పొడుగునా ఏం మాట్లాడుకుంటారేంటి?"

"రైలు టైములు" అన్నాను.

ఒకినో విరగబడి నవ్వింది. నేను ఉన్నమాటే చెప్పాను.

మూడోసారి బెంతెన్ చెరువుకి వెళ్ళాం. మధ్యలో చిన్న దిబ్బ, దాని మీద గుడి, ఎర్ర వంతెన. బెంతెన్ అమ్మవారికి జంటల్ని చూస్తే ఒళ్ళు మంట అని నీకూ తెలుసు. మొగుడూ పెళ్ళాం కలిసి దాటితే విడదీస్తుందంటారు. మేం వంతెన మీద కాలు పెట్టబోతుంటే టీ కొట్టావిడ కేకేసింది.

"అయ్యో, ఆగండాగండి! ఒక్కొక్కరే! మొన్నొక జంట నా మాట వినకుండా పోయి, బస్సెక్కేలోపే కొట్టుకున్నారు!"

"మేం ఇన్నేళ్ళలో ఒక్కసారీ కొట్టుకోలేదమ్మా. మాట్లాడుకుంటేగా" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ నవ్వింది కదా అని మీ నాన్న కూడా నవ్వారు.

ముందు నేను వెళ్ళాను. సగం దాటాక గుర్తొచ్చింది, హుండీలో వేసే చిల్లర ఆయన జేబులో ఉందని. వెనక్కి వచ్చాను. కొట్టు పక్కన అజిసాయి పూల పొదలు ఏపుగా ఉన్నాయి, నేను రావడం వాళ్ళకి కనబడలేదు.

"ఇదే ఆఖరి పంటండీ" అంటున్నారు మీ నాన్న. "మా ఊరి ఇవాతా కొడుక్కి మాటిచ్చేశాను. మంచు పడేలోపు పొలం వాడికి అప్పజెప్తా. దున్నే యంత్రం ఎక్కితే చెయ్యి వణుకుతోంది."

"మరి అమ్మగారేమన్నారు?"

"ఆవిడకి తెలీదు."

"అదేంటండీ! చెప్పకుండానే?"

"ఇంట్లో చెప్తే అయిపోయినట్టే. ఇక్కడ చెప్తే ఇంకా ఉత్త మాటే కదా."

ఆ పొలం గట్టు మీద గంపలో నిన్ను పడుకోబెట్టి నేను నాట్లు వేశాను. పొలం పోతున్నదే అన్న బాధ ముందు రావాలి. అది తర్వాత వచ్చింది. ముందు వచ్చింది, ఈ మాట ఆ కొట్టావిడ విన్నదే అని. ఆవిడ పేరు కూడా మాకు తెలియదు.

చిల్లర అడగకుండానే మళ్ళీ వంతెన దాటాను. గంట మోగించి అమ్మవారి ముందు నిలబడ్డాను. ఏమీ కోరలేదు. అమ్మవారికీ నాకూ ఒకటే జబ్బు అనిపించింది.

ఇప్పుడు మోకాలి సంగతి. కనయె, నా మోకాలికి ఏమీ కాలేదు.

చెరువు నుంచి వచ్చాక మీ నాన్న సముద్రం పక్కన పాత దీపస్తంభం ఉన్న కాగితం తీసి, కోతకి ముందే పోయొద్దాం అన్నారు. మోకాలు నొప్పి, నేను రాలేనన్నాను. ఆయన ఇంకెవరితోనో నోరు విప్పుతుంటే పక్కన నిలబడి వినడం నా వల్ల కాదనిపించింది. ఆయన ఆ అబద్ధాన్నే నీకు రాశారు, నువ్వు కంగారుపడ్డావు.

ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మందు పట్టీలు కొని తెచ్చారు. స్నానాల గదిలో నేను పట్టుకుని లేవడానికి గోడకి వెదురు బద్ద బిగించారు. మిసో పులుసు తనే కాచారు, నోట పెట్టలేనంత ఉప్పు. నేను అది తాగి కుంటుతూ తిరిగాను. కుంటడం కూడా ఒక పనే, మనసు ఎటో ఉంటే కుదరదు. మొన్న ఉదయం ముల్లంగి సగం తరిగి, కత్తి చేత్తోనే గిన్నె కోసం కుంటుతూ వెళ్తుంటే వెనకనుంచి అన్నారు.

"ఇవాళ కుడికాలా?"

నేను ఆగిపోయాను.

"నిన్నటిదాకా ఎడమది" అన్నారు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"వెదురు కట్టిన మర్నాటినుంచి. దాన్ని ఒక్కసారైనా పట్టుకున్నావా?"

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదు కదా."

నాకు కోపం వచ్చింది, సిగ్గూ వచ్చింది. చేతిలో కత్తిని చెక్క మీద పడేసి, "టీ కొట్టావిడకి చెప్పింది నాకూ చెప్పండి" అన్నాను.

ఆయన వచ్చి కింద కూర్చున్నారు. మా ఇద్దరి మధ్య సగం తరిగిన ముల్లంగి. ఆవిడకి చెప్పినంత తేలిగ్గా నాకు చెప్పలేకపోయారు. ఒక మాట అని ఆగేవారు, చేతులు చూసుకునేవారు. వసంతంలో దున్నుతుంటే యంత్రం గట్టు మీదికెక్కి ఒరిగిపోబోయిందట. ఇవాతా కొడుకే వచ్చి ఆపాడట. అన్నీ అయ్యాక, నేను అడగకుండానే, "ఆ సొరంగంలోంచి లాగింది మా అన్నయ్య. బయటికి తీసి చెంప పగలగొట్టాడు" అన్నారు.

"ఇవాతా కొడుకు గట్లు సరిగ్గా చెక్కడు" అన్నాను నేను.

"చెక్కడు" అన్నారాయన.

పులుసు ఆ పూట నేను కాచాను.

కాబట్టి కోతకి రా. అల్లుడికి సెలవు దొరక్కపోతే నువ్వూ పసిదీ అయినా రండి. మన చేత్తో కోసే పంట ఇదే చివరిది. పసిదాన్ని నీలాగే గంపలో కూర్చోబెడదాం.

అంతకుముందు మేము ఒకసారి బెంతెన్ చెరువుకి వెళ్ళొస్తాం. దీపస్తంభం తర్వాత చూడొచ్చు. నేనే అడిగాను. "చూసిన చోటికి మళ్ళీ ఎందుకు?" అన్నారు గాని, రైలు టైములు చూసి పెట్టారు. నా మంట చల్లారిందని రాయను. ఆ కొట్టావిడే ముందు విన్నదన్నది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి ఇద్దరం కలిసే వంతెన దాటుతాం. టీ కొట్టావిడ అరుస్తుంది, అరవనీ. అమ్మవారు కూడా చూడనీ. ఆయన చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, ఒక్కో పలకా చూసుకుంటూ నడుస్తాను. ఎవరైనా అడిగితే మోకాలి నొప్పి అంటాను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే అమ్మ,
తొమియె