గేటు దగ్గర నీలంబొమ్మ

‘అందరిల్లు’ ఆట తయారుచేసిన కంపెనీ వారికి,

నమస్కారం. నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. పెట్టె చూడగానే సరుకు తగ్గిందో లేదో చెప్పగలను. మీ పెట్టెలో తగ్గింది.

సెలవులకి వచ్చిన మా మనవరాలి కోసం ఈ ఆట కొన్నాను. దానికింకా ఆరేళ్ళు నిండలేదు. పెట్టె మీద ‘ఇంటిల్లిపాదీ ఆడుతూ నేర్చుకునే ఆట’ అని వేశారు. నా కళ్ళజోడు కనబడకపోతే మా ఆవిడే రూల్సు చదివి వినిపించింది. పనుల బొమ్మలున్న కార్డు తియ్యాలి, ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారో పిల్ల చెప్పాలి, చేసేవాళ్ళ బొమ్మ గేటు దగ్గర్నుంచి ఒక్కో గదీ దాటి నట్టింట్లోకి చేరాలి. బాగానే ఉంది. గిన్నెలు తోమడం, బట్టలు ఆరెయ్యడం, కూరగాయలు తేవడం, చెత్తబుట్ట, కరెంటు బిల్లు, చివరికి బూజు దులపడం కూడా మా ఆవిడకే పడ్డాయి. ఆవిడ ఎర్రబొమ్మ నట్టింట్లో కూర్చుంది. నా నీలంబొమ్మ గేటు దగ్గర్నుంచి కదల్లేదు. మనవరాలు నా వంక జాలిగా చూసి, “తాతయ్య ఈ ఇంటి మనిషి కాదు, చుట్టం” అంది.

మీవాళ్ళు తాతయ్యల కార్డులు పెట్టడం మరిచిపోయారు. వెంటనే పంపించండి. పిల్ల వెళ్ళిపోయేలోగా నేను నట్టింట్లోకి చేరాలి. అది నన్ను చుట్టమనుకుంటూ బస్సెక్కితే నేను తట్టుకోలేను.

ఇట్లు,
రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు

తా.క. ఉత్తరం ఆలస్యంగా చేరితే ఏమీ అనుకోకండి. స్టాంపులు ఎక్కడుంటాయో మా ఆవిడకే తెలుసు. ఆవిడ పని తెమలాలి కదా.

*

ఇన్‌స్పెక్టరు గారికి,

మీ ఉత్తరం చదివి మా ఆఫీసంతా కాసేపు పని ఆపేసింది. పెట్టెలో కార్డులన్నీ సరిగానే ఉన్నాయండీ. తాతయ్యలకి వేరే కార్డులు లేవు. ఇంటి పనుల్లో ఒక్కటి కూడా మీరు చెయ్యలేకపోతున్నారంటే, మీ ఆరోగ్యం ఇంతగా దెబ్బతిందని మాకు ఎలా తెలుస్తుంది? మంచాన పడ్డవాళ్ళని దృష్టిలో పెట్టుకోకుండా ఆట తయారుచేశామే అని అందరం బాధపడ్డాం.

మీ కోసం ప్రత్యేకంగా చక్రాల కుర్చీ బొమ్మ ఒకటి చేయించి పంపుతున్నాం. ‘వేళకి మందు మింగడం’, ‘పేచీ పెట్టకుండా గంజి తాగడం’ అనే కార్డులు కూడా జతచేశాం. త్వరగా కోలుకోండి.

మీ మేలు కోరే,
రూల్సు రాసే ఉద్యోగిని

తా.క. ఉత్తరం మీ చేత్తోనే రాసినట్టుంది. చేతులైనా ఆడుతున్నందుకు సంతోషం.

*

రూల్సు రాసే అమ్మాయికి,

ఎవరమ్మా మంచాన పడ్డది? రోజూ పొద్దున్నే పార్కు చుట్టూ నడిచొస్తాను. నీ పార్సిలు రెండంతస్తులు మోసుకొచ్చింది నేనే. విప్పితే చక్రాల కుర్చీ. మనవరాలు నా నీలంబొమ్మని అందులో కూర్చోబెట్టి “పాపం” అంది. పక్కింటావిడ చూసిపోదామని పళ్ళు పట్టుకొచ్చింది.

అంతకంటే ఘోరం విను. ఆ రోజు మళ్ళీ ఆడాం. మళ్ళీ మా ఆవిడే ముందు చేరింది. అప్పుడు రూల్సు కాగితం తీసి, “అయ్యో, ఆఖరి రూలు మొన్న చదవనేలేదండీ” అంటూ చదివింది. నట్టింట్లోకి ముందు చేరినవాళ్ళు మిగతావాళ్ళు చేరేదాకా కుర్చీ దిగకూడదట, ఇంటి పని ముట్టుకోకూడదట. చదివి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. లేవమంటే, “ఉద్యోగమంతా రూలంటే రూలే అన్న మనిషి మీరే కదా” అంటుంది.

ఆకలికి తాళలేక కూర వండాను. ఆకలి రుచెరగదంటారు గానీ, ఆ కూరకి అదీ ఎరిగింది. గిన్నెలు తోమి, ఒక గది జరపమని మనవరాల్ని అడిగాను. ససేమిరా అంది. “ఒకసారి చేస్తే సాయం తాతయ్యా, రోజూ చేస్తే పని” అంది. నీ రూల్సు చదివితే పిల్లలు ఇలాగే తయారవుతారా?

ఆ ఆఖరి రూలు రద్దు చేసి, కంపెనీ ముద్ర వేసి కాగితం పంపు.

ఇట్లు,
నిక్షేపంగా ఉన్న ఇన్‌స్పెక్టరు

తా.క. పక్కింటావిడ తెచ్చిన పళ్ళు వెనక్కి ఇవ్వలేదు. ఆ పూటకి అవే భోజనం.

*

ఇన్‌స్పెక్టరు గారికి,

లేని రోగం అంటగట్టినందుకు క్షమించండి. మీ ఉత్తరం చదివాక నాకే కళ్ళు తిరిగాయి. రూల్సన్నీ రాసింది నేనే. అలాంటి రూలు నేను రాయలేదు. అనుమానం వచ్చి పాత ముద్రణలు కూడా తీయించి చూశాను. ఎక్కడా లేదు. రద్దు చెయ్యడానికి ముందు ఉండాలి కదండీ. దయచేసి ఆ కాగితం ఒకసారి మీరే చదువుకోండి.

విధేయురాలు,
రూల్సు రాసే ఉద్యోగిని

తా.క. మీ ఆవిడగారు మా దగ్గర ఉద్యోగం చేస్తారేమో అడగమన్నారు మా మేనేజరు గారు.

*

అమ్మాయీ,

చదివాను. లేదు. ఉద్యోగమంతా దొంగ తూకాలు పట్టుకున్నవాణ్ణి, నా ఇంట్లో నా కళ్ళకే గంతలు కట్టింది మా ఆవిడ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చ దగ్గరే ఆగిపోయినట్టున్నాను. నిలదీద్దామని కాగితం పట్టుకుని గదిలోకి వెళ్ళాను. ఆవిడ కుర్చీలో నిద్రపోతోంది. పట్టపగలు ఆవిడ కళ్ళు మూసుకోవడం పెళ్ళయ్యాక నేను చూడలేదు. హడలిపోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి బాగానే ఆడుతోంది. అప్పుడు నాకు సిగ్గేసింది. భార్య కాసేపు పడుకుంటే ప్రాణం పోయిందనుకున్నాను చూడు.

కాగితం మడిచి పెట్టెలో పెట్టేశాను. వెళ్ళి పొయ్యి వెలిగించాను. అప్పట్నుంచి వంటా గిన్నెలూ నావే. రూలు లేదన్న సంగతి ఆవిడ దగ్గర ఎత్తలేదు. వచ్చే ముద్రణలో ఆ రూలు వేసెయ్యి.

మనవరాలు ఇవాళ వాళ్ళమ్మ వెంట వెళ్ళిపోయింది. బస్సుకి బయల్దేరే ముందు నా నీలంబొమ్మని గేటు దాటించి ఒక గది లోపల పెట్టింది. నట్టిల్లు ఇంకా చాలా దూరం. “మిగతాది మళ్ళీ వచ్చినప్పుడు చూస్తాలే” అంది.

ఉంటాను, కుక్కరు దించాలి.
తాతయ్య

తా.క. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి వంగి, “రూలు లేదని నీకు తెలిసిపోయినట్టు అమ్మమ్మకి చెప్పకు తాతయ్యా” అని నా చెవిలో అంది. పిల్లకి చదవడం వచ్చన్న సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలియదట.