చర్మం కింద పెట్టినవి

జహీరాబాద్,
20-3-1986

ప్రియమైన శరణమ్మక్కకు చెల్లెలు శివమ్మ దండాలు. నాది నాలుగో తరగతి చదువు, పైగా కుడి చెయ్యి సరిగ్గా లేవడం లేదు. అక్షరాలు వంకరగా, తప్పులుగా ఉంటే ఏమనుకోకు. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

ఝరాసంగం జాతరకు ఎందుకు రాలేదని అడిగావు. అప్పటికి దవాఖానలో ఉన్నాను, ఇప్పుడూ ఇక్కడే ఉన్నాను. క్షేమమని అలవాటుకొద్దీ రాశాను.

పోయిన ఏడు మా ఆయన నన్ను అల్లం లారీలో బొంబాయి తీసుకుపోయింది కడుపునొప్పికి కాదు. పెళ్లయినప్పటి నుంచి "పలక లెక్కున్నవ్" అని ఎగతాళి చేసేవాడు. అక్కడ ఒక డాక్టరు నా రొమ్ముల్లో సిలికాన్ తిత్తులు పెట్టాడు. రాయడానికే సిగ్గుగా ఉంది.

కొన్ని నెలలకే అవి రాళ్లలా గట్టిపడ్డాయి. పైన చర్మం ఉల్లిపొరలా పలచబడింది. ఎవరికీ తెలియకూడదని పైట బిగించి కట్టేదాన్ని. మన లింగాయతులం మెడలోని లింగం తీయకూడదు కదా, దాన్ని పెట్టుకునే వెండికాయ ఆ చర్మం మీదే ఒత్తుకునేది.

శివరాత్రి ముందు రోజు తాగి వచ్చాడు. "గిట్ల రాళ్లయినయేందే? నన్ను నవ్వులపాలు చేస్తున్నవా?" అని జుట్టు పట్టి గోడకు కొట్టాడు.

"పెట్టించింది నువ్వే గద" అన్నాను.

ఛాతీ మీద గుద్దాడు. వెండికాయ లోపలికి దిగి చర్మం చిరిగింది. నెత్తురులోంచి తిత్తి అంచు కనబడింది. గడపలో ఉన్న అత్త, "లింగానికి నెత్తురంటింది, ముందు దాన్ని కడుగుర్రి" అంది.

ఇక్కడి డాక్టరమ్మ కుడివైపుది తీసేసింది. "నీకు అసలే కండ లేదు. కండ కింద పెడితే పైన జర కప్పుండేది. చర్మం కిందనే పెట్టిన్రు, అందుకే గింత పలచబడ్డది. గట్టిపడుడు ఎట్ల పెట్టినా రావచ్చు, గిట్ల పెడితే ఇంకా ఎక్కువ" అంది. ఎడమవైపు చర్మం నీలంగా మెరుస్తోంది. అదీ పగిలేలోపు తీయాలట.

నిన్న జరిగింది ఎవరికీ చెప్పలేదు. ఆయన వచ్చి, "లే, బొంబాయి పోదాం, కొత్తది పెట్టిస్త" అని కట్టు మీదే చెయ్యి వేసి లాగాడు. నర్సమ్మ వదిలిపోయిన పళ్లెంలోని కత్తెర ఎడమ చేత్తో తీసి వాడి అరచేతిలో దించాను. భయం వేయలేదక్కా. మళ్లీ పొడవాలనిపించింది, అప్పుడు వేసింది భయం.

సోమవారం రెండోది తీస్తారు. ఇంటివాళ్ల సంతకం లేనిదే డాక్టరమ్మ కత్తి పట్టదు. వాడు పెట్టడు. బావకు ఏదో ఒకటి చెప్పి ఆదివారానికి రా. నువ్వు రాకపోతే వాడొస్తాడు. ఈసారి నేను అరచేతితో ఆగను. అందుకే, చదవగానే దీన్ని పొయ్యిలో వేసెయ్యి.

ఇట్లు,
నీ తోడబుట్టిన
శివమ్మ