ఆగు, నేనే తీస్తా

పిన్నీ,

నువ్వు ఫోన్‌లో అడిగిన ప్రతిసారీ "బాగానే ఉన్నాను" అంటున్నాను. నోటితో చెప్పబోయి మాట మార్చేస్తున్నాను. అందుకే రాస్తున్నాను.

పెద్దాసుపత్రి వదిలి ఈ చిన్న ఆరోగ్య కేంద్రానికి ఎందుకొచ్చావని అందరూ అడిగారు. మా పని ఏపాటిదో తేలేది జనం ఇళ్లలోనే అని చెప్పాను. అబద్ధం కాదు గానీ అసలు సంగతి అది కాదు. విడాకులయ్యాక అతనూ నేనూ ఒకే ఆసుపత్రిలో, ఒకే వరండాలో ఎదురుపడుతూ బతకలేకపోయాను. ముక్కూమొహం తెలియనివాళ్లకి ఇచ్చినట్టు పక్కకి తప్పుకుని నాకు దారిచ్చేవాడు. తిట్టినా బాగుండేది.

ఇక్కడ నాకు మందుల అట్టపెట్టెలు పెట్టుకునే గది ఇచ్చారు. నేనేం చేస్తానో డాక్టరుగారికి తప్ప ఎవరికీ తెలియదు. బోర్డు మీద "ఆక్యుపేషనల్ థెరపీ" అని చూసి, ఆక్యుపేషన్ అంటే కొలువే కదా, ఉద్యోగం ఇప్పిస్తాననుకుని ఒకాయన కూతురి సర్టిఫికెట్లు పట్టుకొచ్చాడు. జబ్బు పడి లేచినవాళ్లకి స్నానం, వంట, బొత్తాలు పెట్టుకోవడం మళ్లీ అలవాటు చేస్తానండీ అంటే, "అవి కూడా ఒకరు నేర్పాలా?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ ముచ్చట చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. శనివారం గదికి తాళం వేస్తే సోమవారం దాకా నా గొంతు నాకే వినపడదు.

ఎక్కువగా వెళ్లేది టైలరమ్మ ఇంటికి. పక్షవాతంతో కుడిపక్క పడిపోయింది. మేడ మీద ఒక్కతే ఉంటుంది. తలుపు తీసేదీ, అన్నం కలిపిపెట్టేదీ పక్కింటావిడే. కుర్చీ ఎత్తు పెంచాను, ఎడంచేతికి కర్ర ఇచ్చాను, గోడ పొడుగునా పట్టుకోవడానికి కమ్మీ పెట్టించాను. దాని మీద తడిబట్టలు ఆరేస్తున్నారు. ఏం చెప్పినా, "ఇంకెందుకమ్మా నాకివన్నీ" అని గోడవైపు తిరుగుతుంది.

నిన్న మా సీనియరక్క ఫోన్ చేసింది. అతను ఆ ఆసుపత్రి మానేసి వెళ్లిపోయాడట. నా చోటు ఇంకా ఖాళీగానే ఉందట. వచ్చేస్తానన్నాను. ఈ వారమే ఇక్కడ రాజీనామా ఇస్తాను. నన్ను పిరికిదాన్ననుకోకు.

నీ పొట్టి

పిన్నీ,

రాజీనామా ఇవ్వలేదు.

వెళ్లొస్తానని టైలరమ్మకి చెబుదామని వెళ్లాను. తలుపు తట్టగానే పక్కింటావిడ ఎప్పటిలా తాళంచెవితో వచ్చింది. ఇంతలో లోపల్నించి, "ఆగు, నేనే తీస్తా" అని టైలరమ్మ గొంతు.

కుర్చీ కిర్రుమంది. కర్ర చప్పుడు మొదలై మధ్యలో ఆగిపోయింది. "పడిపోతుందండీ," అని పక్కింటావిడ తాళంచెవి దూర్చబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. తలుపుకి చెవి ఆనిస్తే ఆయాసం, కమ్మీ మీద అరచెయ్యి జరుగుతున్న చప్పుడు. ఎడంచేత్తో తాళం తిప్పలేక తిట్టుకుంది, తాళాన్నో నన్నో తెలీదు. అంతసేపు ఏ సాయమూ చెయ్యకుండా నిలబడటం ఎంత కష్టమో నీకెలా చెప్పను!

తలుపు తెరుచుకుంది. జాకెట్టు బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని ఉంది.

"ఎప్పట్నించి నడుస్తున్నారు?" అన్నాను.

"నువ్వెళ్లాక చేస్తుంటా. నీ ముందు పడితే సిగ్గు కదా. తలుపు నువ్వే వేసి రా, మళ్లీ రాలేను."

వెళ్లిపోతున్నానని చెప్పలేకపోయాను. పెద్దాసుపత్రిలో ఎంతమందిని గేటు దాకా సాగనంపానో. వాళ్లలో ఎవరు తమ తలుపు తాము తీసుకుంటున్నారో ఈనాటికీ తెలియదు.

రావడం లేదని సీనియరక్కకి చెబితే, "అక్కడ నీకెవరున్నారే?" అంది. ఎవరూ లేరన్నాను. అది నిజమే. ఆదివారాలు ఇంకా పొడుగ్గానే ఉన్నాయి.

ఒకసారి వచ్చి వెళ్లు పిన్నీ. నాదీ మేడ మీద గదే, నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వెయ్యి, దిగేటప్పుడు నొప్పి కాలు. తొందరేం లేదు, ఎంతసేపైనా పైమెట్టు మీద నిలబడి ఉంటాను.

నీ పొట్టి