అరవై టిక్కీల పడవ

గుర్రాలరేవు తహసీల్దారు గారి సముఖమునకు,
కృష్ణ ఒడ్డున రేవు వీధి, ఇంటి నంబరు 4-17లో కాపురమున్న షేక్ రహమతున్నీసా, భర్త మాబు సాహెబ్, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: అరవై టిక్కీల కొరకు చేసిన పడవలో అరవై మంది మనుషులను ఎక్కించుటను ఈ దినమే ఆపించుట గురించి.

అయ్యా,

1. నేను మా ఇంట్లో మూడు గదులు యాత్రికులకు ఇచ్చి జీవించుచున్నాను. సెలవులకు వచ్చేవారు మన ఊళ్లో మకాం పెట్టి, ఒకరోజు అమరావతి, ఒకరోజు కోటప్పకొండ, ఒకరోజు సాగర్, ఎత్తిపోతల చూసుకొని, సాయంత్రానికి మా ఇంటికే భోజనానికి చేరుదురు. చివరి రోజు పడవ షికారు. ఆ పడవ యలమందయ్య గారిది. నడిపేది నా భర్త.

2. సదరు పడవ పూర్వము అవతలి ఒడ్డు నుండి మిరపకాయల బస్తాలు తెచ్చేది. ఆ బస్తానే మనవైపు టిక్కీ అంటారని తమకు తెలియనిది కాదు. వంతెన పడ్డాక టిక్కీలు లారీలెక్కాయి. పడవకు రంగులేసి, కుర్చీలు వేసి, జనాన్ని ఎక్కించారు. పాత అనుమతి కాగితంలో "60 టిక్కీలు" అని ఉన్నది. కొత్త కాగితంలో అరవైని అట్లే ఉంచి, టిక్కీలు తీసివేసి "మనుషులు" అని వ్రాసినారు. ఎవరు వ్రాసినారో నేను విచారించదలచలేదు.

3. టిక్కీ నలభై కిలోలు. మనిషి నలభై దగ్గర ఆగడు, అందులోనూ మూడు రోజులు మా ఇంటి చేపల పులుసు తిన్న మనిషి. పైగా టిక్కీ వేసిన చోట పడి ఉంటుంది. లేచి నిలబడి ఫొటో దిగదు.

4. మొన్న మంగళవారం నలభై ఒక్కమంది ఎక్కారు. టీ ఫ్లాస్కుతో నేనూ ఎక్కాను. ఏటి నడుమకు పోయాక ఎవరో "మొసలి! మొసలి!" అని అరిచారు. అందరూ లేచి ఒక్క పక్కకే ఉరికారు. పడవ ఒరిగిందండీ. నీళ్లు లోపలికొచ్చి నా చీర మోకాళ్లదాకా తడిసింది. "కూచోండి! మీకు దణ్ణం పెడతా, కూచోండయ్యా!" అని మా ఆయన గొంతు చించుకున్నారు. తీరా చూస్తే అది మొసలి కాదు, నీళ్లలో పడుకున్న గేదె. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

5. ఇంటికొచ్చి ఆయన్ని బతిమాలాను. "ఏందే నీ గోల! అరవై టిక్కీలకు బెదరని పడవ అరవై మందికి బెదురుద్దా?" అన్నారు. యలమందయ్య గారినీ అడిగాను. "ఆఫీసోళ్లే రాసిచ్చారు గదమ్మా, వాళ్లకంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నారు. కనుక తమకే విన్నవించుకొనుచున్నాను.

6. దసరా సెలవులకు వచ్చి రెండు బస్సుల జనం మా వీధి ఇళ్లలో దిగి ఉన్నారు. యాభై ఎనిమిది మంది. ఈ దినము పదకొండు గంటలకు ఎక్కుతారు. పడవ ఆగితే ఇక యాత్రికులు రారని వీధంతా నన్ను దుమ్మెత్తిపోస్తుంది. పోయనీయండి. నా గదులూ ఖాళీ అవుతాయి. కానీయండి. నాకు భయమేస్తోందండీ, అంతే.

కావున తాము వెంటనే మనిషిని పంపి పడవను ఆపించి, కాగితంలో తప్పిన ఆ ఒక్క మాటను సరిచేయించవలసినదిగా చేతులు జోడించి వేడుకొంటున్నాను. ఈ నాలుగు ముక్కలు పదకొండు లోపల చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ రహమతున్నీసా

మరొక మాట: ఈ అర్జీ తెచ్చిన మనిషే నా భర్త. ఆయనకు చదువు రాదు. రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని చెప్పి పంపాను, దయచేసి బయటపెట్టకండి. మిరపకాయల యార్డులో టిక్కీలు మోసినాయన, పడవ పట్టి మూడేళ్లే. ఆయనకు ఈత రాదండీ. ఆ సంగతి ఊళ్లో నాకొక్కదానికే తెలుసు. ఆయన లేకుండా పడవ కదలదు. ముద్ర వేసిన రసీదు లేకుండా ఇంటికి రావద్దని ఒట్టు పెట్టాను. పోయినసారి ఆ ముద్ర కోసమే నన్ను మీ ఆఫీసు బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. అప్పుడు మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, తప్పయిపోయింది. ఇవాళ ఆయన్ని కూడా అట్లాగే కూర్చోబెట్టండి సార్.