బావగారి యంత్రం, అక్క కేక

బావగారూ,

కోపం దిగమింగి చదవండి. అంతర్జాతీయ జలాల్లో సముద్రపు అడుగు తవ్వకుండా మన ఓడలను ఆపే బిల్లు నిన్న సభలో నెగ్గింది. దాన్ని రాసింది నేనే. మీరు ఏళ్ల తరబడి చెమటోడ్చి కట్టిన తవ్వకం యంత్రం ఇక రేవు దాటదు.

చర్చలో ఒక పెద్దాయన, "ఎవరిదీ కాని సముద్రానికి మన కాపలా ఏంటి?" అన్నాడు. వెంటనే సందర్శకుల వరుసలోంచి అక్క లేచి, "ఎవరిదీ కాదంటే అందరిదీ అని! అడుగున ఏ జీవాలున్నాయో యంత్రం కట్టిన మా ఆయనకే తెలీదు!" అని అరిచింది. సభంతా ఘొల్లుమంది. అక్కను బయటికి పంపేశారు.

ఆమె మీద విరుచుకుపడకండి. దొంగచాటుగా తవ్వే ఓడలను పట్టుకోవడానికి ప్రభుత్వానికి యంత్రాల లోగుట్టు తెలిసినవాళ్లు కావాలట. మీ పేరిచ్చాను. మీ తరఫున అక్క ఒప్పేసుకుంది కూడా. మీకు చెప్పడమే మిగిలింది.

తిట్లకు సిద్ధంగా,
మీ మరదలు