ఇంజను మోతలో మాటలు

బొంబాయి

అన్నకు తమ్ముడు వీరేశు దండాలు పెట్టి రాసేదేమంటే, నేనిక్కడ గుండ్రాయిలా ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఎమ్మిగనూరులో వానలు పడ్డాయా, మబ్బులు ముఖం చూపించి పోతున్నాయా? ఇది మూడో జాబు. మొదటి రెండింటికీ నీ దగ్గర నుంచి జవాబు లేదు. నీ కోపం నాకు తెలియనిదా? అయినా రాస్తూనే ఉంటాను.

నేవీలో నన్ను మళ్ళీ చేర్చుకున్నారు, ఓడ కూడా పాతదే. ఇంజను గదిలోకి దిగే ఇనుప నిచ్చెనకు ఎన్ని మెట్లో నా కాళ్ళకే గుర్తుంది. మా చీఫ్, మలయాళీ పెద్దాయన, నన్ను చూసి నవ్వి చేతిలో నూనెగుడ్డ పెట్టాడు. అంతే, పనిలో పడ్డాను. కింద వేడి ఎంతని చెప్పను! మన ఆదోని ఎండాకాలం దాని ముందు మాఘమాసం. ఉప్పు కలిపిన నీళ్ళు చెంబులకు చెంబులు తాగుతాం. తిండికి గోధుమ రొట్టె, పప్పు. బాగానే ఉంటుంది గానీ జొన్నరొట్టె కోసం నాలుక పీకుతోంది. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే వదిన చేతి శనక్కాయల పొడి పంపించు.

ఉగాది వెళ్ళాక కైరుప్పలలో జనం పిడకలతో కొట్టుకుంటారని చెబితే ఇక్కడ ఒక్కడూ నమ్మలేదు. ఒక పంజాబీ మాత్రం తానూ వస్తానని పట్టుబట్టాడు. రమ్మన్నాను. వాడికి తలపాగా ఎలాగూ ఉంది.

ఇక నీ కోపం సంగతి. నేవీ వదిలి ఇంటికొచ్చిన రెండేళ్ళూ నన్ను కళ్ళలో పెట్టుకొని చూసుకున్నావు. పత్తి ఉన్నన్నాళ్ళు ఆదోని జిన్నింగు మిల్లులో పని, తక్కిన రోజులు నీ మగ్గం పక్కన. నేనేం చేశాను? ఓడలో కీలుకీలుకూ నూనె పోసే అలవాటున మగ్గానికీ పోశాను. పెళ్ళివాళ్ళ చీర మీద రూపాయంత మరక!

"ఇది నీ ఓడ గాదురా మొద్దోడా, మగ్గం!" అని నువ్వు నెత్తి కొట్టుకున్నావు.

నిజం చెబుతున్నాను అన్నా, నీ దగ్గర లోటుండి రాలేదు. ఇంజను తిరుగుతుంటే నాకు ఒళ్ళు తెలియదు. చెయ్యి వెనక్కి తిప్పి బేరింగు మీద ఆనిస్తే దానికి జ్వరం ఉందో లేదో చెప్పేస్తాను. మగ్గం దగ్గరేమో దండగమనిషిని. అందుకే మళ్ళీ చేరతానన్నాను. నువ్వు గడపలో నిలబడి, "నీల్లు లేని ఊర్లో పుట్టినోనికి నీకీ నీల్ల పిచ్చేందిరా? పో! మల్లా నా గడప తొక్కొద్దు" అన్నావు. ఆ మాటకు చాలా బాధపడ్డాను. సెలవు దొరికితే నేను ఇంకెక్కడికి పోవాలి?

నీకు చెప్పనిది ఒకటుంది. ఇంజను గదిలో పక్కనే నిలబడి అరిచినా మాట వినపడదు. పెదాలు చూసి మాట పట్టుకుంటాం. ఏళ్ళ తరబడి అదే అలవాటు. ఒకరోజు వదిన పొయ్యి దగ్గర తనలో తాను, "ఈ మరిదికి రెండు రొట్టెలు సాలవు" అనుకుంటోంది. నేను వాకిట్లోంచి, "నాలుగెయ్ వదినా!" అన్నాను. ఆమె చేతిలో పిండిముద్ద జారిపోయింది.

"అయ్యో, నీకేమన్నా గాలి సోకిందా అప్పా?" అంది. నువ్వు నేతలో మునిగి తల ఎత్తలేదు.

నన్ను సాగనంపడానికి స్టేషనుకు రానన్నావు. ఆదోనిలో బండి కదిలే ముందు కిటికీలోంచి చూస్తే, ప్లాట్‌ఫారం చివర, నీళ్ళ కొళాయి పక్కన నువ్వు నిలబడి ఉన్నావు. బస్సెక్కి అంతదూరం వచ్చి దగ్గరికి మాత్రం రాలేదు. ఇంజను కూత పెట్టింది, ఆవిరి బుస్సుమంది. ఆ మోతలో ఎవరికీ వినపడదులే అనుకొని అప్పుడు నోరు తెరిచావు.

నేను చూశాను, అన్నా. "సెలవు దొరికిన నాడే వచ్చెయ్ నాయినా. ఈడ నీ సోటు నీకుంటాది" అన్నావు.

దసరాకు పదిహేను రోజులు సెలవిచ్చారు. జవాబు రాయకపోయినా ఫర్వాలేదు, నీ మాట నాకు అందింది. వస్తున్నాను. మగ్గం జోలికి మాత్రం రాను, అమ్మ మీద ఒట్టు.

అమ్మ పాదాలకు, వదినకు, వీధిలో పెద్దలందరికీ నా దండాలు. పిల్లలకు ముద్దులు.

నీ చెయ్యి నా తల మీద ఉండాలని కోరుకునే
నీ తమ్ముడు
వీరేశు