దారి ఖాళీ అన్న బండి

విజయవాడ, 2008 ఏప్రిల్, శనివారం.

ఏవండీ,

పొద్దున కందులు ఎండబెట్టాను. రెండు బకెట్ల బట్టలు ఉతికాను. మీరు పోయి ఈరోజుకు ఆరేళ్ళు.

మధ్యాహ్నం మన స్వాతి తన ఎంటెక్ ప్రాజెక్టును నాకు పాఠంలా అప్పజెప్పింది. రోడ్డు మీద బండ్లు వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటాయట. ముందు బండి దారి ఖాళీ అంటే వెనక బండి నమ్ముతుంది. మీ లారీలవాళ్ళు కుడి లైటు వేసి వెనకవాళ్ళను పొమ్మన్నట్టే. మధ్యలో దొంగబండి దూరి అబద్ధం చెబితే పట్టుకోవడం దీని పని.

"తప్పు చెప్పిన బండిని ఏం చేస్తారే?" అని అడిగాను.

"ఒక్క తప్పుకే వెలెయ్యం అమ్మా. దానికీ కనపడి ఉండకపోవచ్చు. పదేపదే చెబితేనే దొంగ. అయినా నీకంటే మా సర్లే నయం, ఇంత గుచ్చి అడగరు!"

ఆ రోజు హనుమాన్ జంక్షన్ దగ్గర మీ ముందు లారీ బాషాది. అతను వేసిన లైటు నమ్మే మీరు దాటబోయారు. మలుపులో మీకు ఎదురొచ్చిన ట్రాక్టరు తనకు కనపడలేదని ఆ రోజే చెప్పాడు. ఏటా ఇదే రోజు గుమ్మం దాకా వస్తాడు. నేను ఒక్కసారీ తలుపు తీయలేదు.

ఈ సాయంత్రం తీశాను.

"లోపలికి రండి బాషాగారూ."

"పర్లేదమ్మా, ఇక్కడే ఉంటా," అంటూనే చెప్పులు విప్పాడు.

అన్నం పెట్టాను. "మీకూ కనపడలేదు కదండీ," అన్నాను. అతను అన్నం కలుపుకున్నాడు. అంతా తిన్నాడు. మజ్జిగ అడిగి పోయించుకున్నాడు.

బాషా ఇక మనకేమీ బాకీ లేడండీ.